పేరు వద్దన్న విశ్రాంతి గది

2003 వేసవి చివర నేను ఉద్దానం అంచున ఉన్న ఒక మేజర్ పంచాయతీకి ఎగ్జిక్యూటివ్ ఆఫీసరుగా వెళ్ళాను. అంతకుముందు చాలా ఏళ్ళు టెక్కలిలో గుమాస్తాగా ఫైళ్ళు చూశాను. ప్రమోషన్ మీద దొరికిన మొదటి స్వతంత్ర పోస్టింగు అది. ఊరి పేరు రాయడం లేదు, మనుషుల పేర్లు మార్చాను. పలాసకి ఎక్కువ దూరం లేని జంక్షన్ ఊరు అనుకుంటే చాలు. వజ్రపుకొత్తూరు వైపు తీరం నుంచి వచ్చే బస్సులు అక్కడ ఆగి, జనాన్ని దింపి, ఎక్కించుకుని పెద్ద రోడ్డెక్కేవి.

మేజర్ పంచాయతీ అంటే మున్సిపాలిటీ కాలేకపోయిన పెద్ద ఊరు. సర్పంచి, వార్డు సభ్యులు జనం ఎన్నుకున్నవాళ్ళు. ఈవో అనే మేము ప్రభుత్వం పంపినవాళ్ళం. తీర్మానం చేసేది వాళ్ళు, అమలు చేసేది మేము, ఏదైనా తేడా వస్తే సంజాయిషీ రాసుకునేది కూడా మేమే. వీధి దీపాలు, కుళాయిలు, ఇంటి పన్నులు, చెత్త, సంత వేలం, ఇదీ మా పని. బయటివాళ్ళకి తెలియని పని ఇంకొకటి ఉండేది. అది పేర్ల పని.

ఎవరైనా పంచాయతీకి ఏదైనా దానం చేస్తే దానికో పద్ధతి ఉంది. దాత దరఖాస్తు పెట్టుకోవాలి. అది అజెండాలోకి ఎక్కాలి. పాలకవర్గం తీర్మానం చేసి స్వీకరించాలి. స్థలమైతే పంచాయతీ పేరున దానపత్రం రిజిస్టరు కావాలి. అక్కడితో అది పంచాయతీ ఆస్తి అవుతుంది. దాతకి దాని మీద ఊళ్ళో పదిమందికీ ఉన్న హక్కే మిగులుతుంది. పేరు పెట్టడం దీనికి సంబంధం లేని వేరే వ్యవహారం. దానికి మళ్ళీ తీర్మానం, అభ్యంతరాల కోసం నోటీసు, పై అధికారి ఆమోదం కావాలి. బతికున్నవాళ్ళ పేర్లు పెట్టనివ్వొద్దని మాకు పైనుంచి చెబుతూ ఉండేవారు. అందుకని మా వైపు ఒక దొడ్డిదారి పుట్టింది. పేరు అనకుండా ‘దాతల ఫలకం’ అనేవారు. ఫలకానికి ఎవరి ఆమోదమూ అక్కర్లేదు. చలివేంద్రానికి ఫలకం, శ్మశానం షెడ్డుకి ఫలకం, కుళాయి దిమ్మకి కూడా ఫలకం ఉండేది.

నేను చేరిన వారంలోనే ఒక సంగతి గమనించాను. మా ఆఫీసు వరండాలో దాతలిచ్చిన సిమెంటు బెంచీలుండేవి. వీపు ఆనించే చోట పెద్ద అక్షరాలతో పేర్లు. పని మీద వచ్చిన వాళ్ళలో కొందరు బెంచీ ఖాళీగా ఉన్నా ఎండలో నిలబడేవారు. కూర్చోండి అంటే పరవాలేదండీ అనేవారు. ఎందుకని మా బిల్ కలెక్టరుని అడిగితే, ఆ బెంచీ మీద ఉన్న పేరు వాళ్ళ వైపు మనిషిది కాదని చెప్పాడు.

ఊళ్ళో రెండు వైపులు ఉండేవి. కొబ్బరి, జీడి తోటలున్న రైతులది ఒక వైపు. సముద్రం మీద బతికే పేటలది రెండో వైపు. తోటల మధ్య నుంచి వెళ్ళే ఒక దారి గురించి ఎప్పుడో మొదలైన తగువు, దారి తారురోడ్డు అయిన తరవాత కూడా తగ్గలేదు. సర్పంచి జగన్నాథంగారు రైతుల వైపు మనిషి, కొబ్బరి వ్యాపారి. ఎవరినీ ఏకవచనంతో పిలవని మర్యాదస్తుడు. పేట వైపు నుంచి గెలిచిన వార్డు సభ్యుడు తాతారావు. అతని మాటకి పేటలో ఎదురు లేదు.

ఆ ఏడాది వానలు తగ్గాక ఒక పెద్దావిడ మా ఆఫీసుకి వచ్చింది. పేరు పార్వతమ్మ. ప్రభుత్వ ఆరోగ్య శాఖలో మంత్రసానిగా, టీకాలు వేసే నర్సుగా తీరం ఊళ్ళన్నీ తిరిగి రిటైరయిన మనిషి. ఊరంతా నర్సమ్మ అనేది. పిల్లలు లేరు. బడిపంతులుగా చేసిన భర్త కిడ్నీ జబ్బుతో పోయారు. ఆ జబ్బు ఇంటింటా ఉన్న మా ప్రాంతంలో ఆ మాట చెబితే ఎవరూ ఎలా అని అడగరు, ఎన్నాళ్ళు పడ్డారు అని మాత్రమే అడుగుతారు. బస్సులాగే చోట, ఆవిడ ఇంటికి ఎదురుగా, ఆవిడకో జాగా ఉంది. అది పంచాయతీకి ఇచ్చి, తన సొమ్ముతోనే గది కట్టించి ఇస్తానంది. విశాఖపట్నం ఆసుపత్రి నుంచి తిరిగొచ్చే రోగులు పలాసలో రైలు దిగి, ఈ జంక్షన్‌కి వచ్చి, తీరం బస్సు కోసం మధ్యాహ్నమంతా కొట్ల అరుగుల మీద పడి ఉండేవాళ్ళు. వాళ్ళు నడుం వాల్చడానికి ఆ గది.

దరఖాస్తు రాయించడానికి కూర్చుని, గదికి ఏ పేరు పెట్టమంటారని మామూలుగా అడిగాను. భర్త పేరు చెబుతుందనుకున్నాను.

“పేరెట్టకండి బాబూ. నా పేరొద్దు, మా మాస్టారి పేరొద్దు, ఎవుల పేరూ ఒద్దు” అంది.

దాతలు మొదట మొహమాటానికి అలా అనడం, తరవాత ఫలకం కొలతలు తెచ్చివ్వడం నాకు అలవాటే. ఆవిడ నా మొహం చూసి అర్థం చేసుకున్నట్టుంది.

“మొగమాటం కాదండి. తోటల మలుపు కాడ బస్సు షెల్టరు సూసినారా? రైతుల పెద్దాయన పేరెట్టినారు దానికి. పేటోలు వానలో తడుత్తారు గానీ దాని కిందికి రారు. అటేపు పేటలో మీటింగు హాలుందా? అందులో ఈ తోటలోలు అడుగెట్టరు. నాను రెండేపులా కాన్పులు సేసినదాన్ని. ఎవులు ఎక్కడ కూకుంటారో, ఎక్కడ కూకోరో నాకు తెలుసు. పేరెట్టినారంటే సగం మందికి తలుపేసీసినట్టే” అంది.

దానపత్రం ముసాయిదా నేనే దగ్గరుండి రాయించాను. గది రోగుల విశ్రాంతికే వాడాలి, దానికి ఏ వ్యక్తి పేరూ పెట్టరాదు అని షరతు స్పష్టంగా పెట్టించాను. తీర్మానం ఏకగ్రీవంగా అయింది. ఖర్చు లేని ఆస్తి వస్తోందని సర్పంచిగారు సంతోషించారు. ఒక్క చోటే చిక్కు వచ్చింది. పంచాయతీ ఆస్తుల రిజిస్టరులో ‘నామకరణం’ అని ఒక గడి ఉంటుంది. అందులో ‘లేదు’ అని రాశాను. తనిఖీకి వచ్చిన అధికారి దాని కింద ఎర్రసిరాతో గీత గీసి, నామకరణం ఎందుకు పెండింగులో ఉందో వివరించమన్నాడు. పెండింగు కాదు, దాత వద్దన్నారు అని జవాబు రాశాను. పేరు పెట్టే ఫైలుకి మా దగ్గర నమూనా ఉంది గానీ, పేరు పెట్టని ఫైలుకి లేదు.

ఆ పై ఏడాది గది లేచింది. స్లాబు, రెండు ఫ్యాన్లు, మంచాలు, ఒక కుళాయి, వెనకాల మరుగుదొడ్డి. గోడ మీద నీలం రంగుతో ‘రోగుల విశ్రాంతి గది’ అని మాత్రమే రాయించారు. ఊడ్చి, నీళ్ళు పట్టే మనిషికి పార్వతమ్మే తన పింఛనులోంచి జీతమిచ్చేది, కరెంటు బిల్లూ కట్టేది. ప్రారంభోత్సవం వద్దంది. ఒక సోమవారం ఉదయం తలుపు తీసి, ఎదురుగా తన ఇంటికి వెళ్ళిపోయింది.

నేను మధ్యాహ్నం భోజనానికి ఆ దారినే ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఒకరోజు లోపలికి తొంగిచూస్తే, తోటల రైతొకడు, పేట మనిషొకడు ఎదురెదురు మంచాల మీద పడుకుని మాట్లాడుకుంటున్నారు. జబ్బు ముదిరిన కొద్దీ రక్తపరీక్షలో పెరిగే అంకె ఒకటి ఉంటుంది, క్రియాటినిన్. ఇద్దరూ అది చెప్పుకుంటున్నారు.

“నీకెంతొచ్చింది మావా?” అని రైతు అడిగాడు.

పేట మనిషి చెప్పాడు.

“ఓలమ్మో, అయితే నానే నయం” అని రైతు నవ్వితే, “వచ్చే నెల సూద్దాం లేరా” అని రెండోవాడూ నవ్వాడు. వాళ్ళిద్దరూ ఆ గది బయట ఒకరికొకరు తారసపడితే మాట్లాడుకునేవాళ్ళు కాదు. నా ఉద్యోగంలో ఎన్నో పనులు పూర్తిచేశాను గానీ, అనుకున్న పని అనుకున్నట్టు జరుగుతున్నది కళ్ళతో చూడటం అరుదు. ఆ గది ఏడాదికి పైగా అలా నడిచింది.

గోడ మీద ఖాళీ ఉండటమే దానికి ముప్పయింది. బస్సులాగే చోటు. దిగే ప్రతి మనిషి కళ్ళూ ఆ గోడ మీద పడతాయి. పంచాయతీ ఎన్నికలు దగ్గరపడుతుండగా జగన్నాథంగారు నన్ను పిలిచి, జీడి ఫ్యాక్టరీ యజమాని ఒకాయన ముందుకొచ్చారని చెప్పారు. గది కరెంటు బిల్లు, సున్నం, మరమ్మతులు ఆయన భరిస్తాడట. బదులుగా ఒక బోర్డు.

స్పాన్సర్లంటే నాకు వ్యతిరేకత లేదు. అదే యజమాని అంతకుముందు జంక్షన్‌లో దీపస్తంభాలు పెట్టించాడు. స్తంభానికి చిన్న బోర్డు, కింద ఫ్యాక్టరీ పేరు. ఎవరికీ నష్టం లేదు, రోడ్డుకి వెలుగొచ్చింది. పంచాయతీ ఆదాయం ఎంతో నాకు తెలుసు కాబట్టి అలాంటి ఒప్పందాల కాగితాలు నేనే ఇష్టంగా తయారుచేశాను. కానీ ఈ గదికి షరతుంది. ఆ మాటే చెప్పాను. జగన్నాథంగారు చిరునవ్వుతో విన్నారు.

“షరతులో పేరు పెట్టకూడదని ఉంది ఈవోగారూ. మనం పేరు పెట్టడం లేదు. సౌజన్యం. ఫలానావారి సౌజన్యంతో అని రాస్తే అది పేరెలా అవుతుంది?” అన్నారు.

ఫ్యాక్టరీ యజమాని సర్పంచిగారి వైపు మనిషి. ఎన్నికల ఖర్చులో ఆయన చెయ్యి ఉంటుందని ఊరందరికీ తెలుసు. విషయం అజెండాలోకి వచ్చింది. సమావేశంలో తాతారావు లేచి ఎదురు ప్రతిపాదన పెట్టాడు. బోర్డు పెట్టేటట్టయితే దానమిచ్చిన పార్వతమ్మగారి పేరే పెట్టాలన్నాడు. ఆవిడ మీద గౌరవంతో అన్నాడనుకోవడానికి లేదు. సర్పంచిని ఇరుకున పెట్టడానికి అంతకంటే మంచి పేరు దొరకదు. అది కాదంటే, తమ పేట దివంగత నాయకుడి పేరన్నాడు. సంగతి తెలిసి పార్వతమ్మ సమావేశానికి వచ్చి గుమ్మంలో నిలబడింది. సభ్యురాలు కాదు కనక మాట్లాడే హక్కు లేదు. సర్పంచిగారు పెద్దమనసుతో అనుమతిచ్చారు.

“నా పేరు నాకే ఒద్దంటే మీకేల బాబూ? ఆ గోడనలాగే ఒగ్గీయండి. ఇన్నాళ్ళు కరెంటు బిల్లు నాను కట్టలేదా? ఇకమీదా కడతాను” అంది.

 ఆవిడ వెళ్ళాక ఓటింగు జరిగింది. సౌజన్యం బోర్డు మెజారిటీతో నెగ్గింది. దానపత్రం షరతుకి ఇది విరుద్ధమని నా అభిప్రాయాన్ని మినిట్స్‌లో రాసి సంతకం చేశాను. డివిజన్ అధికారికి వేరుగా లేఖ రాసి, సూచన కోరాను. కొన్నాళ్ళకి జవాబు వచ్చింది. నిబంధనలు పరిశీలించి మీ స్థాయిలో తగు చర్య తీసుకొనవలెను. మా శాఖలో ఈ వాక్యానికి అర్థం, నన్ను అడగొద్దు అని.

బోర్డు వచ్చింది. ‘రోగుల విశ్రాంతి గది’ అన్న నీలం అక్షరాలు దాని వెనక్కి పోయాయి. ఫ్యాక్టరీ పేరు, యజమాని తండ్రి బొమ్మ, కింద సౌజన్యం. సున్నం వేయించారు, అది నిజమే. కరెంటు బిల్లు మొదటి రెండు నెలలు కట్టారు.

పేట రోగులు తగ్గడం మొదలెట్టారు. ఎవరూ రావద్దని చెప్పలేదు. వాళ్ళంతట వాళ్ళే మళ్ళీ కొట్ల అరుగుల మీదికి వెళ్ళారు. అంతలో తాతారావు మనుషులు తమ నాయకుడి పటం ఒకటి తెచ్చి గది లోపల మేకు కొట్టి పెట్టారు. మర్నాటికి పటం రోడ్డు మీద ఉంది, అద్దం పగిలి ఉంది. ఆ సాయంత్రం బోర్డు మీద రాళ్ళు పడ్డాయి. కొట్లాటలో ఇద్దరికి తలలు పగిలాయి. మండల రెవెన్యూ అధికారి వచ్చి, శాంతిభద్రతల దృష్ట్యా గదిని మూసివేయాలని రాతపూర్వకంగా ఆదేశించారు. తాళం వేయించి, చెవి నా బీరువాలో పెట్టుకున్నాను.

శాంతి సంఘం సమావేశాలు జరిగాయి. టీలు తాగేవాళ్ళు, రోగుల కష్టం గురించి రెండు వైపులా మాట్లాడేవాళ్ళు. బోర్డు తీస్తారా అని ఒక వైపు, ముందు వాళ్ళు పటం వ్యవహారానికి తప్పొప్పుకుంటారా అని రెండో వైపు. రెండూ మాని తాళం తీద్దామని నేను రెండుసార్లు నోట్ పెట్టాను. పరిస్థితి అనుకూలించినప్పుడు చూద్దామని రాసి వెనక్కి పంపారు. పార్వతమ్మ వారం వారం ఆఫీసుకొచ్చి, బెంచీ మీద కూర్చోకుండా నిలబడే అడిగేది. “తాళం ఎప్పుడు తీత్తారు బాబూ?” వెనక్కి వచ్చిన నోట్ తీసి చూపించేవాణ్ణి. ఆవిడ నన్నేమీ అనేది కాదు. అలా అనకపోవడం నాకు మరింత కష్టంగా ఉండేది.

తరవాతి వేసవిలో, వడగాలి కొడుతున్న ఒక మధ్యాహ్నం, పేటకి చెందిన జాలరి ఒకతను డయాలసిస్ చేయించుకుని భార్యతో తిరిగొచ్చాడు. బస్సు దిగి, తాళం వేసిన గది మెట్టు మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు పక్కకి ఒరిగిపోయాడు. భార్య కేకలు పెడితే ఎదురింట్లోంచి పార్వతమ్మ వచ్చి నాడి చూసింది. పక్కన కొబ్బరిబొండాలు అమ్మే అతని దగ్గర గునపం ఉంది. ఆవిడ దాన్ని తీసుకుని తాళం మీద వేసింది. నేను వెళ్ళేసరికి గొళ్ళెం ఊడి వేలాడుతోంది. లోపల ఫ్యాన్ తిరగడం లేదు, బిల్లు కట్టక కరెంటు తీసేశారు. ఆ మనిషిని మంచం మీద పడుకోబెట్టి, తడిగుడ్డ వేసి, పార్వతమ్మ విసనకర్రతో విసురుతోంది. భార్య కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది.

“కోపమా బాబూ?” అని అడిగింది నన్ను, విసరడం ఆపకుండా.

“లేదమ్మా” అన్నాను.

“కోపమైతే రాసుకోండి. ఈ మనిసిని కన్నప్పుడు బొడ్డు కోసింది నానే. నా ఎదటే మెట్టు మీద సావనిత్తానా?”

సాయంత్రం బస్సుకి అతను లేచి, భార్య భుజం పట్టుకుని ఎక్కాడు. ఆ రోజుకి బతికాడు. ఆ ఏడాది దాటలేదని తరవాత విన్నాను.

అంతటితో పోవలసిన విషయమే. మర్నాడు తాతారావు మనుషులు ‘నర్సమ్మ తెరిచిన గది మాది’ అని రోడ్డు మీద ధర్నాకి దిగారు. పార్వతమ్మ వెళ్ళి, నా పేరు సెప్పి రోడ్డెక్కకండి, లేవండి అని బతిమాలింది. వాళ్ళు ఆవిడ మెడలో దండ వేయబోతే తోసేసింది. బస్సులు ఆగిపోయాయి. అది చూసి సర్పంచిగారి వైపువాళ్ళకి పట్టుదల వచ్చింది. తాళం పగలగొట్టిన సంగతిని వదిలేస్తే గది పేట చేతికి పోయినట్టేనన్నారు. ఎగ్జిక్యూటివ్ ఆఫీసరుగా నేను పోలీసు ఫిర్యాదు ఇవ్వాలన్నారు. ఇవ్వనన్నాను. ఆవిడ ఇచ్చిన గది, ఆవిడ పెట్టిన షరతు మనమే తప్పాం, ప్రాణం పోతున్న మనిషి కోసం తెరిచింది, దీని మీద ఫిర్యాదేమిటన్నాను. జగన్నాథంగారు గొంతు పెంచలేదు.

“నాకూ ఆవిడంటే గౌరవమే. మా పెద్దబ్బాయి ఆవిడ చేతుల మీదే పుట్టాడు. కానీ ఇప్పుడు అది పంచాయతీ ఆస్తి కదండీ” అన్నారు. నేను మొదట్లో చెప్పుకున్న రూలు అదే. తప్పని ఎలా అనగలను?

రెండు రోజులకి మండల రెవెన్యూ అధికారి నుంచి మెమో వచ్చింది. ఆదేశానుసారం వేసిన తాళం ఎలా తెరుచుకుందో వాస్తవ నివేదిక పంపాలని. అడిగింది వాస్తవం, దాన్ని పంపకపోవడం నా వల్ల కాదు. జరిగినదంతా రాశాను. పార్వతమ్మగారు తాళం తీశారని, ఏ పరిస్థితిలో తీశారో, దానపత్రంలో ఏ షరతుందో, ఎవరు దాన్ని తప్పారో, అన్నీ రాశాను. ఆవిడ మీద ఎలాంటి చర్యా అవసరం లేదని చివరి పేరాలో పెట్టాను. ఆ నివేదిక పోలీస్ స్టేషన్‌కి వెళ్ళింది. నేను వెళ్ళి, ఇది ఫిర్యాదు కాదని ఎస్సైకి చెప్పాను. అతను కుర్రవాడు, మంచివాడే.

“తాళం ఎవరు కొట్టారో మీరే రాశారు కదా సార్, మాకది చాలు. మిగతాది కోర్టు చూసుకుంటుంది” అన్నాడు.

ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించారని కేసు. ముద్దాయి పార్వతమ్మ. ఒకటో సాక్షి నేను.

కేసు వాయిదాల మీద చాలాకాలం నడిచింది. ఈలోగా నన్ను విజయనగరం వైపు బదిలీ చేశారు. సాధారణ బదిలీ అన్నారు, అదీ కావచ్చు. సమన్లు వచ్చినప్పుడల్లా వెళ్ళేవాణ్ణి. కోర్టు వరండాలో ఆవిడ నేల మీద చెంగు పరుచుకుని కూర్చునేది. దగ్గరికెళ్ళడానికి నాకు ముఖం చెల్లేది కాదు. ఆవిడే పిలిచింది.

“నువ్వేటి సేసినావు బాబూ? ఉన్నది రాసినావు. లోపల కూడా ఉన్నదే సెప్పు. నా కోసం ఒక్క మాటా తప్పు సెప్పకు” అంది. అప్పటిదాకా నన్ను మీరు అనే ఆవిడ, ఆ రోజు నువ్వు అంది.

బోనులో ప్రభుత్వ న్యాయవాది నన్ను అడిగినవి చాలా చిన్న ప్రశ్నలు. ఆ తాళం పంచాయతీదేనా? అవును. అధికారి ఆదేశంతో వేసిందేనా? అవును. అది బద్దలైన మాట నిజమేనా? నిజమే. దానపత్రంలో ఒక షరతుందని చెప్పబోయాను. అడిగినదానికి చెప్పమన్నారు. షరతు ఎవరు తప్పారన్నది ఆ కేసులో ప్రశ్న కాదు. చట్టం లెక్కలో అది సరైనదే. ఆవిడ ఇచ్చిన గదిని ఆవిడే బద్దలు కొట్టినట్టు నా నోటి మీదుగా రుజువైంది.

పార్వతమ్మకి లాయరుంది గానీ ఆవిడ అతని మాట వినలేదు. మేజిస్ట్రేటుగారు కుర్చీ వేయించి, నెమ్మదిగానే అడిగారు.

“తాళం నానే కొట్టినానండి. సెవి లేదు, మనిసి పడిపోనాడు, లోనికి ఎల్లాలి గదండీ” అంది.

నేరం ఒప్పుకున్నట్టు రాసుకున్నారు. వయసు దృష్ట్యా చిన్న జరిమానాతో సరిపెట్టారు. ఆవిడ అది కట్టి, రసీదు తీసుకుని, బస్సెక్కింది.

గదికి మళ్ళీ కొత్త తాళం పడింది, కొన్నాళ్ళకి అదీ తీశారు. అప్పటికి ఎన్నికలు అయిపోయాయి, ఎవరికీ దానితో పని లేదు. పంచాయతీ బ్లీచింగ్ పౌడరు బస్తాలూ, పాడైన వీధి దీపాలూ అందులో వేశారు. మంచాలు ఏమయ్యాయో తెలియదు. ఒకసారి పలాస వెళ్తూ బస్సులోంచి చూశాను. బోర్డు ఎండకి వెలిసిపోయింది గానీ ఉంది. రోగులు కొట్ల అరుగుల మీద ఉన్నారు.

పార్వతమ్మ జంక్షన్‌లో ఇల్లు అమ్మేసి సుమ్మాదేవిలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయిందని తెలిసి, నేను రిటైరు కావడానికి ముందు ఒకసారి వెళ్ళాను. జీడిపిక్కలు ఎండబోసిన వాకిట్లో కూర్చుని ఉంది. కాఫీ ఇచ్చింది. ఇక్కడ కూడా ఏదైనా కట్టిస్తున్నారా అని, మాట్లాడటానికి ఏమీ తోచక అడిగాను. కష్టంగా నవ్వింది.

“ఇంక గోడలొద్దు బాబూ. నెలనెలా పింఛను రాగానే టేసన్ కాడికెల్తాను. ఆసుపత్రికి పోయేవోలకి టిక్కెట్టు డబ్బులు సేతికిత్తన్నాను. సేతి మీద బోర్డెట్టలేరు గదా” అంది.



జంక్షన్ తరవాత నేను ఇంకొన్ని పంచాయతీల్లో పనిచేశాను. దాతలు వస్తూనే ఉండేవారు. ఇస్తామని వచ్చిన ప్రతివాళ్ళకీ తలుపు దగ్గరగా వేసి ఒకే సలహా చెప్పేవాణ్ణి. స్థలం మాకు రాసివ్వకండి. మీ పేరునే, లేదా నమ్మకమైన నలుగురి ట్రస్టు పేరునే ఉంచుకోండి. వాడకం మాత్రం జనానికివ్వండి. తాళం చెవి మీ ఇంట్లో పెట్టుకోండి. షరతు కాగితం మీద ఎంత గట్టిగా రాసినా, దాన్ని తప్పేవాళ్ళూ అమలు చేయవలసినవాళ్ళూ ఒకరే అయినప్పుడు అది ఎవరినీ ఆపలేదని ఆ ఊళ్ళో చూశాను. జీతం ఇచ్చే ఆఫీసుకి ఆస్తి రానివ్వకుండా చేయడం ఉద్యోగధర్మం కాదని నాకు తెలుసు. రిటైరయ్యేదాకా అదే చెప్పాను. నా మాట విని పంచాయతీకి రాసివ్వడం మానుకున్నవాళ్ళు కొందరున్నారు. వాళ్ళ గదులు ఇప్పటికీ నడుస్తున్నాయి.